ముందు మాల, తర్వాత నమ్మకం

కార్తికం వచ్చిందంటే మన ఊళ్ల నిండా అయ్యప్ప మాల వేసిన నల్లబట్టల స్వాములే. తెల్లవారకముందే చన్నీటి స్నానం, చెప్పుల్లేని నడక, నేల పడక, రెండు పూటలా పూజ, 41 రోజుల నియమం. వీళ్లలో ఏళ్ల తరబడి గుడి గడప తొక్కనివాళ్లూ ఉంటారు. మాల వేసేటప్పుడు గురుస్వామి వాళ్లను దేవుడున్నాడని నమ్ముతున్నావా అని నిలదీయడు, నియమం తప్పకుండా ఉండగలవా అని అడుగుతాడు. నమ్మకం కుదిరాకే ఆచారం మొదలవుతుందని మనం అనుకుంటాం. దూరమైనవాళ్లు తిరిగొచ్చేటప్పుడు ఆచారమే ముందు నడుస్తుందని, నమ్మకం దాని వెంట వస్తుందని నా అభిప్రాయం. అసలు వాదించి, తేల్చుకుని దేవుణ్ని వదిలినవాళ్లు ఎందరు? చదువు కోసం ఊరు విడిచాక, రాత్రి డ్యూటీల్లో పడ్డాక, ఇంట్లో దీపం పెట్టే నాయనమ్మ పోయాక అలవాటు తప్పినవాళ్లే ఎక్కువ. అలవాటు తప్పి పోయింది అలవాటుగానే తిరిగొస్తుంది.

ఇరుముడి కట్టే చోట కాసేపు నిలబడితే ఇది తెలుస్తుంది. కొబ్బరికాయ కన్ను పొడిచి, నీళ్లు వంపేసి, ఆవునెయ్యి నింపి బిరడా బిగిస్తారు. ముందు ముడిలో స్వామికి సమర్పించేవి, వెనక ముడిలో దారి సామాన్లు. ఇరుముడి తలకెత్తుకోనిదే శబరిమలలో పద్దెనిమిది మెట్లు ఎక్కనివ్వరు. పైకి చేరాక నెయ్యి అభిషేకానికి, కొబ్బరిచిప్ప హోమగుండానికి. తన చేత్తో నింపిన నెయ్యి స్వామి మీద పడుతుందన్న ఎరుకను ఏ ప్రవచనమూ ఇవ్వలేదు. రంజాన్‌లోనూ ఇంతే. ఏడాదంతా మసీదు వైపు చూడని కుర్రాడు రోజా ఉండి, రాత్రి తరావీహ్ నమాజులో వరసలో నిలబడతాడు. క్రైస్తవుల శ్రమల దినాలు ఎందరినో మళ్లీ చర్చి బెంచీల మీదికి తెస్తాయి.

ఆలోచనాపరుల సంగతి వేరంటారేమో. పాత కట్టుబాట్లన్నిటినీ ఎదిరించిన రచయిత చలం ఆధ్యాత్మికత వైపు మళ్లినప్పుడు ఆ మలుపును పుస్తకాలకే వదిలేయలేదు. 1950లో అరుణాచలం చేరి, 1979లో కన్నుమూసేదాకా అక్కడే బతికాడు. ఇక మాల తీసిన సాయంత్రమే సీసా మూత తీస్తారన్న ఎత్తిపొడుపు ఉండనే ఉంది. అలాంటివాళ్లు ఉన్నారు, కాదనను. అయితే అది దీక్ష తర్వాత పట్టు సడలడం గురించిన మాట. తాగకుండా ఉండగలనని ఆ మనిషికీ, అతని పిల్లలకూ తెలిసిన 41 రోజులు అబద్ధం కావు.

నన్ను నిజంగా ఆలోచింపజేసే అభ్యంతరం మరొకటి. స్వామి నియమం చాలా ఇళ్లలో ఇల్లాలి రెక్కల మీద నడుస్తుంది. నాలుగింటికి లేచి పీఠం కడిగేది, మడిగా వండేది ఆమె. ఆమె తానే కొండెక్కడం సంగతికొస్తే, 10 నుంచి 50 ఏళ్ల మధ్య స్త్రీల శబరిమల ప్రవేశాన్ని సుప్రీంకోర్టు 2018లో అనుమతించినా, ఆ తీర్పు మీద లేచిన ప్రశ్నలు 2019లో విస్తృత ధర్మాసనానికి వెళ్లాయి. కోర్టు సంగతి ఎలా ఉన్నా, స్వామి తన వంట తానే చేసుకుంటే, తన గిన్నెలు తానే కడుక్కుంటే దీక్షకు వచ్చే భంగమేమీ లేదు. గురుస్వాములకు నా విన్నపం ఇదే: మాల వేసేటప్పుడే ఈ మాట కూడా నియమాల్లో చేర్చండి. మాల విరమణ నాడు, ఇంటి దగ్గర ఏడాది పొడవునా పాటించదగ్గ నియమం ఒక్కటైనా చెప్పి పంపండి.