నిప్పు లేని వత్తి

సిగరెట్ మానడానికి ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మా బావమరిది పట్టుకున్న బుల్లి వేప్ ట్యాంకు ముచ్చట ఇది. తీగ చుట్టుకోవాలి, దూది ఎక్కించుకోవాలి, ఓమ్ సూత్రం మళ్లీ నేర్చుకోవాలి.

భోజనాల బల్ల మీద స్టీలు పళ్లెం. అందులో ఆవగింజంత స్క్రూలు రెండు, వెంట్రుక కన్నా లావుపాటి తీగ, చిన్న కత్తెర, దూది. మా బావమరిది కళ్లజోడు ముక్కు కొసకు జార్చుకుని వాచీలు బాగుచేసేవాడిలా కూర్చున్నాడు. పక్క కుర్చీలో మా అత్తగారు. ఏటా కార్తీక పౌర్ణమికి 365 వత్తులు ఆవిడ చేతి మీదుగానే తయారవుతాయి. కొడుకు దూదిని నలిపి తీగ చుట్టలోకి దూర్చడం కాసేపు చూసి ఊరుకోలేకపోయారు.

“ఒరేయ్, అంత బిగిస్తే నూనె ఎక్కదురా. వదులుగా చెయ్యి.”

వాడు తలెత్తి నా వంక చూశాడు. “బావా, ఈ ముక్క తెలుసుకోడానికి నాకు ఆర్నెల్లు పట్టింది.”

వేప్ (అంటే ఈ-సిగరెట్) అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఆవిడ “వేపాకు పొగా? దోమలకా?” అని అడిగారట. దోమలకు కాదు. ఒంగోలు పక్క పొగాకు బ్యారన్ల వాసన పీలుస్తూ పెరిగి, ఇరవై రెండేళ్లు సిగరెట్ వదలనివాడికి అది ఊతకర్ర.

ముందే ఒకమాట చెప్పాలి. మన దేశంలో ఈ సరుకు కుదరదు. 2019 సెప్టెంబరులో ఆర్డినెన్సు, అదే ఏడాది డిసెంబరులో చట్టం వచ్చి ఈ-సిగరెట్ల తయారీ, అమ్మకం, దిగుమతి, ప్రచారం అన్నిటికీ తాళం వేశాయి. మొదటిసారి దొరికితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బ్రిటన్ వేరే దారి పట్టింది. అక్కడి రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే, సిగరెట్ తాగేవాళ్లు దాన్ని వదిలి దీనికి మారితే మేలని నివేదిక ఇచ్చింది. ఆవిరిలో హాని లేదని దాని అర్థం కాదు, పొగాకు కాల్చడం కన్నా తక్కువని. నిబంధనలు కూడా గట్టివే: ట్యాంకులో 2 మిల్లీలీటర్లకు మించి పట్టకూడదు, నికోటిన్ ద్రవం సీసా 10 మిల్లీలీటర్లు దాటకూడదు, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదు, 18 ఏళ్లు నిండనివాళ్లకు అమ్మకూడదు. వాడి పారేసే రకాలను 2025 జూన్ 1 నుంచి పూర్తిగా నిషేధించారు. రంగురంగుల ఆ ప్లాస్టిక్ గొట్టాలు బ్యాటరీలతో సహా చెత్తబుట్టల్లోకి పోతుంటే చూడలేక చేసిన పని అది. పిల్లలకు అలవాటవుతున్నాయన్న బెంగ కూడా ఉంది.

మా వాడి ట్యాంకు ఆ పారేసే రకాలకు సరిగ్గా ఎదురు. అందులో పారేసేది చిటికెడు దూది, జానెడు కూడా లేని తీగ.

పొగగొట్టం చుట్టూ చెరువు

అమెరికాలో హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన 1963లోనే పొగ లేని సిగరెట్‌కు పేటెంట్ అడిగాడు, 1965లో వచ్చింది. సరుకు మాత్రం బజారుకెక్కలేదు. నలభై ఏళ్ల తర్వాత, 2003లో, చైనాలో హాన్ లిక్ అనే ఫార్మసిస్టు ఇప్పటి రూపానికి పునాది వేశాడు. ఆయనా పొగరాయుడే. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. ఆ తర్వాత షెన్‌జెన్ ఫ్యాక్టరీలు అందుకున్నాయి. తొలినాళ్ల కాయిల్‌లు, అంటే తీగ చుట్టలు, సీలు వేసి వచ్చేవి. మాడిపోతే మొత్తం మార్చాలి, రుచి ఎలా ఉంటే అలా భరించాలి. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నవాళ్లు ఊరుకుంటారా? విప్పారు, కెలికారు, సొంతంగా చుట్టారు. జర్మనీ నుంచి వచ్చిన కైఫన్ లాంటి ట్యాంకులు ఆ కెలుకుడుకు ఒక తీరు తెచ్చాయి. వాటిని చూసి చైనాలో నకళ్లు చేశారు, నకళ్లకు నకళ్లు కూడా.

లోపల ఏముందో చూద్దామని వాడు విప్పి చేతిలో పెట్టాడు. అడుగున డెక్ అనే ఇత్తడి రంగు అరుగు. దాని మీద రెండు చిన్న స్తంభాలు, వాటికి స్క్రూలు. ఒకటి బ్యాటరీ ప్లస్‌కు, రెండోది మైనస్‌కు. మధ్యలో తీగ చుట్ట. పైన గంటలాంటి మూత, దాన్నుంచి నోటిదాకా పొగగొట్టం. ఆ గొట్టం చుట్టూ గాజు గోడ, గోడకూ గొట్టానికీ మధ్య ద్రవం. చెరువు మధ్యలో పొయ్యి పెట్టినట్టు ఉంటుంది. దూది చివర్లు రెండూ డెక్ అంచున ఉన్న కాలువల్లోకి దిగి ద్రవాన్ని పైకి లాగుతాయి. దీపం వత్తి నూనె లాగినట్టే. తేడా ఒక్కటే, కొసన నిప్పు ఉండదు. వేడెక్కిన తీగ ద్రవాన్ని ఆవిరి చేస్తుంది.

వేడి తీగను ఆనుకుని ఉన్నా దూది కాలిపోదేం? కాగితం పొట్లంలో నీళ్లు పోసి మంట మీద పెట్టే బడి ప్రయోగం గుర్తుందా, అదే కిటుకు. ద్రవం ఉన్నంతసేపూ వేడిని అది తీసుకుపోతుంది. ద్రవం అందడం ఆలస్యమైందో, దూది మాడుతుంది. ఆ మాడు దమ్ము గొంతులో పడితే మిరపకాయ పొగ పీల్చినట్టు ఉంటుందని మా వాడి సాక్ష్యం. అది రుచి గొడవ ఒక్కటే కాదు. మాడే ద్రవంలోంచి ఫార్మాల్డిహైడ్ లాంటివి పుడతాయి. 2015లో అమెరికా పరిశోధకులు 5 వోల్టుల దగ్గర అది బాగా కనపడిందని, 3.3 వోల్టుల దగ్గర కనపడలేదని రాస్తే పెద్ద రచ్చే అయింది. ఆ వేడి దగ్గర మనిషన్నవాడెవడూ పీల్చలేడు, మాడు వాసనకే ఉమ్మేస్తాడని గ్రీకు డాక్టరు ఫర్సాలినోస్ వాదన. ఎవరి మాట ఎంత నిజమైనా, మాడు తగిలితే ఆపేయాలనే దగ్గర ఇద్దరూ కలుస్తారు.

తీగ లెక్క

వాడు 28 గేజి కాంతాల్ తీగ వాడతాడు. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన స్వీడన్ మిశ్రమలోహం అది. కొలిమి హీటర్లలో వాడే జాతే. రెండున్నర మిల్లీమీటర్ల కడ్డీ మీద ఆరు చుట్లు చుడితే, కాళ్లతో కలిపి, దాదాపు 1.1 ఓమ్‌లు వస్తుంది. 3.7 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే మూడున్నర ఆంపియర్లకు లోపు కరెంటు, 12 వాట్ల చిల్లర వేడి. సిగరెట్‌లా ముందు నోట్లోకి లాగి తర్వాత ఊపిరి తీసుకునేవాళ్లకు ఇది చాలు.

హుక్కాలా నేరుగా గుండెల్లోకి లాగే మరో సంప్రదాయం ఉంది. వాళ్ల కాయిల్‌లు 0.2 ఓమ్‌ల దాకా దిగుతాయి. గిటారు తీగలా ఒక తీగ మీద ఇంకో సన్న తీగ చుట్టిన ‘క్లాప్టన్’ కాయిల్ వీళ్ల ముద్దుబిడ్డ. గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ పేరే పెట్టేశారు. ఇప్పుడు లెక్క చూడండి. నిండా ఛార్జయిన బ్యాటరీ 4.2 వోల్టులు, భాగించు 0.2, వచ్చింది 21 ఆంపియర్లు. పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకిన సెల్లుకు అంత ఇచ్చే సత్తా ఉండదు. వేడెక్కుతుంది, ఒక్కోసారి పేలుతుంది. 2018లో ఫ్లోరిడాలో ఒకాయన ఈ పరికరం పేలి చనిపోయాడు. కరెంటును అదుపు చేసే చిప్పు లేని మెకానికల్ గొట్టాలంటే మా వాడికి అందుకే హడల్. “చిప్పు లేనిది ముట్టను బావా. ఓమ్ తక్కువుంటే అదే ఆపేస్తుంది, నా తెలివి మీద ఆధారపడదు” అన్నాడు. ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాడి నోట ఆ మాట విని ముచ్చటేసింది.

కొనేటప్పుడు కొత్తవాళ్లు మెరుపు చూసి పడిపోతారు. నేను చూసినంతలో చూడాల్సింది మరోటి: ఒకే కాయిల్ పట్టే డెక్, తీగ జారిపోకుండా పట్టుకునే స్క్రూ, ద్రవం పైనుంచి పోసుకునే వీలు. గాలి అడుగునుంచి వచ్చే రకం రుచి బాగా ఇస్తుందంటారు, కానీ దూది సరిగ్గా పడకపోతే అదే కన్నంలోంచి కారుతుంది. గాలి పైనుంచి వచ్చే రకం కారడం తక్కువ. మొదటి నెలలో మా వాడి తెల్ల చొక్కా జేబు పుదీనా వాసనతో తడిసింది, ఆఫీసు మీటింగులో.

బిగించడం వాడు రెండుసార్లు చేసి చూపించాడు. చుట్ట కాళ్లు స్తంభాలకు బిగించి, మిగులు తీగ మొదలంటా కత్తిరించాడు. ఆ మిగులు డెక్‌కు తగిలితే షార్టే. మీటరు మీద ఓమ్ చూశాడు, 1.12. తక్కువ వాట్ల మీద మీట నొక్కి వదిలాడు. తీగ మధ్యలోంచి అంచులకు ఎర్రబడాలి. ఒక చివర ముందు మెరిస్తే ఆ చుట్లను పింగాణీ మొన ఉన్న పట్టకారుతో నొక్కి సరిచేయాలి. అప్పుడు దూది. చుట్టలో కాస్త పట్టుగా జరగాలి, కానీ తీగను లాక్కుపోకూడదు. అంచులు కత్తిరించి, సూదితో దువ్వి, కాలువ మూసుకుపోకుండా, ఖాళీ మిగలకుండా దించాలి. ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే కారుతుంది. ఆ తర్వాత ద్రవం చుక్కలు దూది మీదే వేసి, ట్యాంకు నింపి, ఐదు నిమిషాలు వదిలేయాలి. ద్రవంలో గ్లిజరిన్ ఎక్కువుంటే చిక్కగా ఉంటుంది, నిదానంగా ఎక్కుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ పలచన.

ఆ ఐదు నిమిషాల్లోనే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. శ్రీకాకుళం వైపు మనిషి, అడ్డపొగ తాగేది. వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చేది. ఆ అలవాటు అంగిలిని పుండు చేసి క్యాన్సర్‌కు దారితీస్తుందని తర్వాత చదివాను. ఆవిడకు నిప్పు నోట్లోనే ఉండాలి. మా వాడికి నిప్పు వద్దు, నికోటిన్ మాత్రం ఇంకా కావాలి. 18 మిల్లీగ్రాములతో మొదలెట్టి ఇప్పుడు 3కు దిగాడు. సున్నాకు ఎప్పుడంటే నవ్వేస్తాడు. అసలు పొగాకే ముట్టనివాడు సరదాకి దీన్ని ఎత్తుకుంటే మాత్రం నాకు కోపమే వస్తుంది. వాడి పదహారేళ్ల కూతురికి ఆ పళ్లెం ముట్టుకునే అనుమతి లేదు.

ఐదు నిమిషాలయ్యాయి. వాడు మీట నొక్కి లాగి, ముఖం చిట్లించాడు. మాడు. మూత విప్పాడు. అత్తగారు మాట్లాడకుండా చేయి చాచారు. దూది పింజ తీసుకుని, అరచేతిలో ఆనీ ఆనకుండా ఒక్కసారి దొర్లించి ఇచ్చారు. నూరేళ్ల వత్తులకు అలవాటైన అరచేయి. ఈసారి మాడలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక పాత ట్యాంకు ఫొటో కోసం తెచ్చుకుందామనుకున్నాను. వాడే సంచీలోంచి తీసేశాడు. “వద్దు బావా, హైదరాబాద్‌లో దిగాక ఎవరికి సమాధానం చెప్తావు?” దూది ప్యాకెట్ మాత్రం అత్తగారి చేతిసంచీలో వచ్చేసింది. జపాన్‌లో పండిందో తయారైందో గానీ తెల్లగా, పొరలు పొరలుగా ఉంది. ఇప్పుడది పూజగది అలమారలో ఉంది. నూనె తొందరగా తాగేస్తోందని ఆవిడ ఫిర్యాదు.