కణితి అంచు ఎక్కడ?

చర్మ క్యాన్సర్ ఆపరేషన్‌లో కణితిని కోసి తీయడం పెద్ద కష్టం కాదు. అది ఎక్కడిదాకా పాకిందో తేల్చుకోవడమే కష్టం. పైకి శనగగింజంత కనిపించే బేసల్ సెల్ కార్సినోమా చర్మం లోపల సన్నటి వేళ్లు చాపి, కంటికి ఆనని మేర విస్తరించి ఉండవచ్చు. ముక్కు, కనురెప్పలు, చెవుల చుట్టూ వచ్చేవాటిలోనూ, ఒకసారి తీశాక తిరగబెట్టినవాటిలోనూ ఈ పాకుడు ఎక్కువ. ఒక్క వేరు మిగిలినా, కొన్నేళ్ల తర్వాత కుట్ల మచ్చ కిందనుంచి కణితి మళ్లీ లేస్తుంది.

చర్మ క్యాన్సర్లలో ముఖ్యమైనవి మూడు. బేసల్ సెల్ రకం ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, కానీ పట్టించుకోకపోతే ఉన్నచోటే మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. స్క్వేమస్ సెల్ రకం లింఫ్ గ్రంథులకు చేరగలదు. మెలనోమా మూడింటిలోనూ ప్రమాదకారి. తెల్లచర్మం వారితో పోలిస్తే భారతీయుల్లో ఇవి బాగా తక్కువ. ఆ తక్కువే ఒక చిక్కు: ఎవరికీ అనుమానం రాదు. ఇక్కడి వారిలో బేసల్ సెల్ కణితి తరచూ నల్లగా ఉండి పుట్టుమచ్చలాగో పులిపిరిలాగో కనిపిస్తుంది. మెలనోమా అరికాలిలోనో గోటి కిందో వస్తే ముల్లు గుచ్చుకుందనో దెబ్బ తగిలిందనో సరిపెట్టుకుంటారు. స్క్వేమస్ రకం పాత కాలిన మచ్చల మీద, ఏళ్ల తరబడి మానని పుండ్ల మీద పుడుతుంది. కశ్మీర్‌లో చలికి ఒంటికి ఆనించుకునే నిప్పుల కుంపటి కాంగ్డీ వల్ల, మిగతా చోట్ల నడుము దగ్గర పంచె ముడి, లంగా బొందు ఏళ్ల తరబడి ఒరుసుకోవడం వల్ల వచ్చిన క్యాన్సర్లు వైద్య గ్రంథాలకెక్కాయి.

బయాప్సీలో రోగం తేలాక మామూలుగా చేసే ఆపరేషన్‌లో కణితి చుట్టూ కొంత మంచి చర్మాన్ని కూడా కలిపి తీస్తారు. 2 సెంటీమీటర్ల లోపు, పెద్దగా ప్రమాదం లేని బేసల్ సెల్ కణితికి 4 మిల్లీమీటర్లు వదిలి కోస్తే నూటికి 95కి పైగా పూర్తిగా వచ్చేస్తాయి. స్క్వేమస్ రకానికి 4 నుంచి 6 మిల్లీమీటర్లు వదులుతారు. మెలనోమాలో ఈ కొలత లోతును బట్టి మారుతుంది. అలెగ్జాండర్ బ్రెస్లో 1970లో చూపించిన పద్ధతిలో కణితి మందాన్ని కొలిచి, 1 మిల్లీమీటరు లోపుంటే ఒక సెంటీమీటరు, 2 దాటితే రెండు సెంటీమీటర్లు వదిలి తీస్తారు.

తీసిన ముక్క ఫార్మలిన్‌లో ల్యాబ్‌కు వెళ్తుంది. ఏ వైపు ఏదో తెలియడానికి సర్జన్ ఒక కొసన కుట్టు వేసి పంపుతాడు. పాథాలజిస్టు అంచులకు రంగు పూసి, ముక్కను రెండు మూడు మిల్లీమీటర్ల ఎడంతో నిలువుగా తరిగి, ఒక్కో దాని నుంచి మైక్రాన్ల మందంలో పొర తీసి మైక్రోస్కోపు కింద పెడతాడు. 'అంచుల్లో క్యాన్సర్ లేదు' అని రిపోర్టు వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. నిజానికి ఈ పద్ధతిలో కంటబడేది మొత్తం అంచులో ఒక శాతం కూడా కాదు. వంకాయను నాలుగు చక్రాలుగా తరిగి పుచ్చు లేదని తేల్చేయడం లాంటిది ఇది; చక్రానికీ చక్రానికీ మధ్య పురుగు ఉండిపోవచ్చు. గుండ్రంగా, గట్టుకట్టి పెరిగే కణితికి ఈ పరీక్ష చాలు. అడ్డదిడ్డంగా పాకేదానికి చాలదు.

అంచు మొత్తాన్నీ చూసే దారి అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దొరికింది. అక్కడ ఫ్రెడరిక్ మోస్ (1910–2002) విద్యార్థిగా ఉన్నప్పుడే ఎలుకల కణితుల్లో రకరకాల రసాయనాలు ఎక్కించి చూసేవాడు. జింక్ క్లోరైడ్ కణజాలాన్ని చంపింది కానీ, మైక్రోస్కోపులో కణాల రూపం చెక్కుచెదరలేదు. ఆ మందును లేపనంగా కణితి మీద పూసి, చచ్చిన పొరను తీసి అడుగుభాగం పరీక్షించడం, క్యాన్సర్ ఉన్నచోటే మళ్లీ పూయడం అతని పద్ధతి. 1936లో రోగులకు మొదలుపెట్టి, 1941లో ఫలితాలు ప్రకటించాడు. నిజానికి ఇలాంటి కాల్చే లేపనాలు అంతకు ముందునుంచీ నాటువైద్యులు వాడుతున్నవే. మన దగ్గర పులిపిరికి సున్నం, సోడా పెట్టినట్టే, వాటితో పైన ఉన్నది రాలిపోయేది, కింద ఉన్నది మిగిలేది. మోస్ కొత్తగా చేర్చింది మైక్రోస్కోపును.

లేపనంతో ఒక్కో పొరకు ఒక రోజు పట్టేది, నొప్పీ ఎక్కువే. 1953లో కనురెప్ప కణితికి లేపనం లేకుండా, కోసిన ముక్కను అప్పటికప్పుడే గడ్డకట్టించి చూశాడు, బాగానే పనిచేసింది. 1974లో ట్రోమోవిచ్, స్టెగ్‌మన్ అనే వైద్యులు ఇలా చేసిన కేసుల వివరాలు ప్రచురించాక లేపనం క్రమంగా మూలపడింది.

ఇప్పటి మోస్ సర్జరీలో రోగి మెలకువగానే ఉంటాడు. మత్తు ఆ చోటికే ఇస్తారు. కణితి చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే వదిలి, కత్తిని ఏటవాలుగా పట్టి, పల్చటి పళ్లెంలా పొరను తీస్తారు. ముక్క మీద, గాయం మీద ఒకే చోట చిన్న గాట్లు పెడతారు. అంచులకు వేర్వేరు రంగులు పూసి, ఏ రంగు ఎటువైపో కాగితం మీద పటం గీస్తారు. తర్వాత ముక్కను బోర్లించి అదుముతారు. పక్క అంచులు కిందికి వాలి అడుగుతో సమంగా పరుచుకుంటాయి. దాన్ని సున్నాకు దిగువ 20 డిగ్రీలకు పైగా చలి ఉన్న క్రయోస్టాట్‌లో గడ్డకట్టించి, అడుగునుంచి అడ్డంగా పొర తీస్తే చుట్టూ అంచు, లోతు ఒకే స్లైడు మీదికి వస్తాయి. రోగి కట్టుతో బయట కూర్చుని ఉండగా, కోసిన డాక్టరే మైక్రోస్కోపులో చూస్తాడు. నీలం రంగు పక్కన క్యాన్సర్ కనిపిస్తే పటంలో ఆ చోట గుర్తుపెట్టి, అక్కడ మాత్రమే ఇంకో పొర తీస్తాడు. ఒక్కో విడతకు దాదాపు గంట పడుతుంది.

మొదటిసారి వచ్చిన బేసల్ సెల్ కణితి ఈ పద్ధతిలో ఐదేళ్ల దాకా తిరగబెట్టకుండా ఉండేది 99 శాతం వరకు. నెదర్లాండ్స్‌లో ముఖం మీది కణితులను పదేళ్లు గమనించి 2014లో ప్రకటించిన పరిశోధనలో, మోస్ తర్వాత 4.4 శాతం, మామూలు ఆపరేషన్ తర్వాత 12.2 శాతం తిరిగొచ్చాయి. అలాగని వీపు మీది చిన్న కణితికి ఇంత హంగామా అక్కర్లేదు. అక్కడ చర్మానికి కొదవ లేదు. మెలనోమా కణాలు గడ్డకట్టించిన పొరల్లో సరిగా పోల్చుకోవడం కష్టం కాబట్టి దానికి ప్రత్యేక రంగులైనా కావాలి, మైనపు దిమ్మల్లో నిదానంగా చేసే పరీక్షయినా కావాలి. క్రయోస్టాట్, శిక్షణ పొందిన సిబ్బంది లేని చోట కూడా ఆ నిదానపు దారి ఉంది: గాయానికి కట్టు కట్టి, రిపోర్టు వచ్చాకే మూస్తారు.

మూయడం అసలు ఎప్పుడన్నది కూడా అంచును బట్టే ఉంటుంది. ముక్కు మీది పెద్ద గాయానికి నుదుటి చర్మాన్ని కాడతో సహా తిప్పి కుట్టే పద్ధతి భారతదేశానిదే. పుణె దగ్గర ఒక బండివాడికి ఇలా ముక్కు చేసిన వైనం 1794లో లండన్ పత్రిక జెంటిల్‌మన్స్ మ్యాగజైన్‌లో అచ్చయ్యాక ఐరోపా వైద్యులు దాన్ని అందుకున్నారు. ఇప్పటికీ అదే పద్ధతి. కొత్త చోట రక్తప్రసారం కుదురుకున్నాక, సుమారు మూడు వారాలకు కాడను కోస్తారు. కింద క్యాన్సర్ మిగిలి ఉంటే ఆ మందపాటి చర్మం చాటున చాలాకాలం కనిపించకుండా పెరుగుతుంది, నుదుటి నుంచి అంత చర్మం మళ్లీ మళ్లీ దొరకదు. అందుకే ముక్కు అంచుల ఫలితం చేతికొచ్చేదాకా నుదుటి మీద కత్తి పెట్టరు.