లిబిడో: దేనిమీద?

కొన్నేళ్ళ కిందట ఒక కథా సంపుటిని సమీక్షిస్తూ, అందులోని భూస్వామిని ‘లిబిడోకు బానిస’ అని రాశాను. ఫ్రాయిడ్‌ను చదివిన ఉత్సాహం! నిజానికి ఆ మనిషి ఆడవాళ్ళ జోలికి పోడు. ఊరంతా తన మాట వినాలన్నదే అతని యావ. సాహిత్య సమావేశంలో ఒక విద్యార్థి, “మాస్టారూ, ఇందులో కామం ఎక్కడుందండీ?” అని అడిగాడు. జవాబు తట్టలేదు. ఆ మాటను దాని సొంత భాషలో వెతుక్కోవలసి వచ్చింది.

లాటిన్‌లో లిబిడో స్త్రీలింగ నామం. షష్ఠీ విభక్తిలో లిబిడినిస్ అవుతుంది. ‘ఇష్టమవుతుంది’ అనే అర్థంగల లిబెట్ అనే క్రియకు చుట్టం. మన ‘లోభం’ పుట్టిన సంస్కృత ‘లుభ్’ ధాతువూ ఇదీ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుంచి వచ్చాయి. అరిషడ్వర్గంలో కామం వేరు, లోభం వేరు. లిబిడోను ‘కామం’గా అనువదించుకున్న మనం, దాని తోబుట్టువు పక్కనే ఉన్నా గుర్తుపట్టలేదు. ఆ లోభం కూడా మన వాడుకలో డబ్బుకే కుదించుకుపోయిందనుకోండి. లోభి అంటే పిసినారే.

అసలు సంగతి వ్యాకరణంలో ఉంది. ఈ నామం సాధారణంగా పక్కన ఒక షష్ఠిని కోరుతుంది: దేని లిబిడో? మనం ‘మీద’ అనో, ‘ఏలాలనే’, ‘గెలవాలనే’ అనో చెప్పేచోట లాటిన్ షష్ఠిని వాడుతుంది. క్రీ.పూ. 1వ శతాబ్దపు చరిత్రకారుడు సాలస్ట్, కాటిలైన్ కుట్రను గురించిన గ్రంథంలో, లిబిడోకు ‘దొమినాన్ది’ని చేర్చాడు. అంటే ఏలాలనే యావ. యుద్ధానికి దాన్నే కారణంగా ఎంచుకోవడం ఎప్పుడు మొదలైందో చెబుతున్న సందర్భమది. అదే గ్రంథంలో, పూర్వపు రోమన్ యువకుల లిబిడో వేశ్యల మీదా విందుల మీదా కన్నా ఆయుధాల మీదా, గుర్రాల మీదా ఎక్కువగా ఉండేదంటాడు. అక్కడది మెచ్చుకోలు!

5వ శతాబ్దంలో అగస్టీన్ ‘దైవనగరం’ 14వ భాగంలో ఈ మాటను విప్పి చూపాడు. కోపం పగ తీర్చుకోవాలనే లిబిడో. ధనాశ డబ్బు కలిగి ఉండాలనే లిబిడో. దేని లిబిడో అన్నది చెప్పకుండా వదిలేస్తే మాత్రం వినేవాడికి లైంగిక వాంఛే తోస్తుందన్నాడు. ఫ్రాయిడ్ చేతికి వచ్చింది ఈ షష్ఠి ఊడిన మాటే. ఆహార ప్రవృత్తికి ‘ఆకలి’ ఉన్నట్టు లైంగిక ప్రవృత్తికి వాడుక మాట లేదనీ, శాస్త్రం అక్కడ లిబిడోను వాడుతుందనీ 1905 నాటి వ్యాసాల్లో ఆయన రాశాడు.

నా భూస్వామికి కావలసింది సాలస్ట్ షష్ఠి. ఆ వాక్యాన్ని ‘ఏలాలనే యావకు బానిస’ అని దిద్దాను. ‘బానిస’ కూడా తీసెయ్యమంటున్నాడు ఆ విద్యార్థి. కథలో బానిసలు వేరే ఉన్నారట.