రెండు క్యాలెండర్ల కుటుంబం

తిథి, వారం, నక్షత్రం కుదిరితే శుభకార్యం చేసుకోవచ్చు. ఇది పాత లెక్క. అల్లుడికి సెలవు, మనవడికి పాస్‌పోర్టు, కొడుక్కి వీసా, విమానానికి టికెట్టు... ఇవన్నీ కుదిరితేనే శుభకార్యం. ఇది కొత్త లెక్క!

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ పిల్లలు విదేశాల్లో ఉన్న ఇంటికి వెళ్లి కాసేపు కూర్చోండి. ‘శ్రావణంలో మంచి ముహూర్తాలు ఉన్నాయంట. కానీ అప్పటికి పాపకు బడి తెరుస్తారు’, ‘డిసెంబరులో వస్తామంటున్నారు. అది ధనుర్మాసమాయె’... ఇలాంటి మాటలే వినిపిస్తాయి. గోడకు వేలాడేది ఒకటే క్యాలెండరైనా ఆ ఇల్లు నడిచేది రెండింటి మీద. ఒకటి మన పంచాంగం, రెండోది పిల్లలు ఉంటున్న దేశపు బడి సెలవుల పట్టిక.

ఇది ఒకటి రెండు ఇళ్ల సంగతి కాదు. అమెరికాలో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 2010-2017 మధ్య 86 శాతం పెరిగిందనీ, నాలుగు లక్షలు దాటిందనీ అక్కడి జనగణన లెక్కల ఆధారంగా 2018లో ఒక అధ్యయనం తేల్చింది. ఆ పెరుగుదలలో మన వరి మడులూ పత్తి చేల మధ్య చదువుకున్న పిల్లలూ ఉన్నారు. వాళ్లతోపాటే పురుడు, బారసాల, పుట్టువెంట్రుకలు, ఓణీల వేడుక, పెళ్లి, షష్టిపూర్తి... అన్నీ సముద్రానికి అటూ ఇటూ అయ్యాయి.

పుట్టిల్లే ప్రయాణం కట్టింది

తొలి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి రావడం మన ఆనవాయితీ. ఇప్పుడు పుట్టిల్లే ఆమె దగ్గరికి వెళ్తోంది. అమ్మ రెండు సూట్‌కేసులు సర్దుకుంటుంది. అమెరికా వెళ్లే విమానాల్లో చాలావాటికి ఒక్కో పెట్టె 23 కిలోలు మించకూడదు. కారం, కందిపొడి, బుడ్డల పొడి, పసిబిడ్డకు మెత్తని పాతచీర గుడ్డలు... ఇంట్లో తూకం వేసి, తీసి, మళ్లీ సర్ది, అప్పుడు మూత పడుతుంది. బనగానపల్లె మామిడిపండు మీద ఎంత మమకారమున్నా పెట్టెలో పెట్టడానికి లేదు. పచ్చి పండ్లను, మాంసం పచ్చళ్లను అక్కడి విమానాశ్రయంలోనే తీసి పారేస్తారు.

సందర్శకుల వీసా పదేళ్లకు ఇచ్చినా, వెళ్లిన ప్రతిసారీ ఉండనిచ్చేది మామూలుగా ఆరు నెలలే. అందుకే చాలా కుటుంబాల్లో వియ్యపురాళ్లు వంతులు వేసుకుంటారు. మొదటి ఆరు నెలలు అమ్మమ్మ, తర్వాతి ఆరు నెలలు నానమ్మ. బిడ్డ బోర్లాపడటం ఒకరు చూస్తారు, అడుగులు వేయడం ఇంకొకరు చూస్తారు. ఈలోగా తాత ఇక్కడ ఒంటరి. పొలం, అద్దె ఇళ్లు, పింఛను కాగితాలు చూసుకోవాలి కదా! మనవడు పుట్టిన సంబరంలో ఈ తాత ఆరు నెలలు హోటల్ ఉగ్గాని తిన్నాడన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

పుట్టువెంట్రుకలకు పాస్‌పోర్టు

ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల మొక్కు అహోబిలం నరసింహస్వామికి. ఆళ్లగడ్డ నుంచి పాతిక కిలోమీటర్లు. లేదంటే నంద్యాలకు ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న మహానంది. బిడ్డకు తొలి ఏడాదో, మూడో ఏడాదో... బేసి సంవత్సరంలో తల నీలాలు ఇవ్వడం ఆచారం. ఇక్కడ విమాన సంస్థల లెక్క కూడా వచ్చి చేరింది. రెండేళ్లు నిండని బిడ్డను ఒడిలో కూర్చోబెట్టుకుంటే టికెట్టు ధరలో కొద్ది వంతే తీసుకుంటారు. రెండేళ్లు దాటితే వేరే సీటు కొనాల్సిందే. తిరుగు ప్రయాణం నాటికి కూడా రెండేళ్లు నిండకూడదు. దాంతో మూడో ఏడాది అనుకున్న మొక్కులు మొదటి ఏడాదికే జరిగిపోతున్నాయి.

టికెట్టు కన్నా ముందు కాగితాలు. అమెరికా పాస్‌పోర్టు ఉన్న బిడ్డ మన దేశం రావాలంటే వీసా గానీ ఓసీఐ కార్డు గానీ ఉండాలి. పదహారేళ్ల లోపు పిల్లలకు ఆ పాస్‌పోర్టు అయిదేళ్లకే చెల్లుతుంది. తీసుకోవడానికి తల్లిదండ్రులిద్దరి అంగీకారమూ కావాలి. ఓసీఐ పథకం 2005లో మొదలైంది. పాత పీఐఓ కార్డులను 2015లో అందులో కలిపేశారు. పాస్‌పోర్టు మారిన ప్రతిసారీ పిల్లల కార్డు కూడా మార్పించుకోవాల్సిన ఇబ్బంది 2021లో తొలగింది. ఇప్పుడు కొత్త పాస్‌పోర్టు, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కిస్తే చాలు. ఇన్ని కాగితాల మీదా బిడ్డ ఫొటో గుబురు జుట్టుతో ఉంటుంది. తిరిగి వెళ్లేటప్పుడు అధికారి ముందు నిలబడేది నున్నటి గుండు! ఆ కౌంటరు దగ్గర నవ్వుకోని కుటుంబం ఉండదు.

ముహూర్తాలు లేని సెలవులు

అసలు చిక్కు సెలవుల్లో ఉంది. అమెరికా బడులకు పెద్ద సెలవులు రెండు. జూన్ నుంచి ఆగస్టు మొదటి వారాల దాకా వేసవి సెలవులు, డిసెంబరు చివర్లో క్రిస్మస్ సెలవులు. మన పంచాంగం చూడండి. జూన్-జులైల్లో ఆషాఢం వస్తుంది. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలై భోగి దాకా ఉంటుంది. పెళ్లిళ్లకు రెండూ పనికిరావు. పిల్లలు రాగలిగిన రోజుల్లో ముహూర్తాలు ఉండవు, ముహూర్తాలున్న రోజుల్లో పిల్లలు రాలేరు!

అధికమాసం వస్తే మరీ ఇబ్బంది. 2023లో జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. నిజ శ్రావణం మొదలయ్యేసరికి టెక్సాస్, జార్జియా లాంటి చోట్ల బడులు తెరిచేశారు. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, జులై మధ్య నుంచి ఆషాఢం. నడుమ దక్కేది నెల రోజులే. కల్యాణ మండపాలకు, పురోహితులకు గిరాకీ అంతా ఆ రోజులకే.

అందుకే కొన్ని వేడుకలు అక్కడే జరుపుకొంటున్నారు. దానికీ లెక్కలు ఉన్నాయి. డల్లాస్‌లో వేసవి ఉదయం పది గంటలకు అన్నప్రాశన చేస్తే నంద్యాలలో రాత్రి ఎనిమిదిన్నర. మన పంచాంగంలో రాసిన తిథి గడియలు అక్కడ పదిన్నర గంటలు ముందుకు జరుగుతాయి. ఒక్కోసారి పండుగ తేదీయే మారిపోతుంది. ఇక్కడ తాత భోంచేసి, తెల్ల చొక్కా వేసుకుని ఫోన్ ముందు కూర్చుంటాడు. అక్షతలు వేయాల్సిన సమయానికి నెట్ ఆగిపోతే... ఆ బియ్యపు గింజలు చేతిలోనే ఉంటాయి.

మేనమామ ఎందుకు రాలేదు?

పుట్టువెంట్రుకల నాడు మేనమామ ఒడిలో బిడ్డను కూర్చోబెట్టి మొదటి కత్తెర వేయించాలి. ఆ మేనమామ కూడా విదేశంలోనే ఉంటే? హెచ్‌-1బి మీద పనిచేసేవారికి అక్కడ ఉండటానికి అనుమతి ఉన్నా, ఒకసారి దేశం దాటితే మళ్లీ వెళ్లడానికి పాస్‌పోర్టులో చెల్లుబాటయ్యే వీసా ముద్ర కావాలి. దానికోసం ఒకప్పుడు మనవాళ్లు చెన్నై వెళ్లేవారు. 2009లో హైదరాబాద్ బేగంపేటలోని కాన్సులేట్‌లో వీసాలు మొదలయ్యాయి. 2023లో అది నానక్‌రామ్‌గూడకు మారింది. దూరం తగ్గింది కానీ గుబులు తగ్గలేదు.

2025 సెప్టెంబరు నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులను చాలావరకు ఎత్తేశారు. ఆ డిసెంబరులో సామాజిక మాధ్యమాల ఖాతాల పరిశీలనను హెచ్‌-1బి, హెచ్‌-4 దరఖాస్తుదారులకూ వర్తింపజేయడంతో ఎంతోమంది ఇంటర్వ్యూలు నెలల తరబడి వాయిదా పడ్డాయి. మూడు వారాల సెలవు మీద వచ్చినవారు ఇక్కడే చిక్కుకుపోయారు. చెల్లెలి పెళ్లికి అన్న రాలేదంటే బంధువులు ‘డబ్బులెక్కువై మరిచిపోయినాడు’ అంటారు. ఇంటి కంతు, పిల్లల చదువు, ఉద్యోగం... ఆ ముద్ర మీద ఆధారపడి ఉన్నాయని వాళ్లకు తెలియదు. అన్నలూ అది విప్పి చెప్పరు. చెప్తే తప్పేమీ లేదు. ‘సెలవు దొరకలేదు’ అనడం కన్నా ‘వస్తే తిరిగి వెళ్లలేనేమోనని భయంగా ఉంది’ అంటే అమ్మానాన్నలకు మరింత బాగా అర్థమవుతుంది.

మూడు వారాల ఊరు

అన్నీ కుదిరి వచ్చారే అనుకుందాం. ఓర్వకల్లులో 2021లో విమానాశ్రయం వచ్చినా, విదేశాల నుంచి వచ్చేవాళ్ల దారి ఇంకా హైదరాబాద్, బెంగళూరుల మీదుగానే. దుబాయిలోనో దోహాలోనో మారి, హైదరాబాద్‌లో దిగి, అక్కణ్నుంచి కార్లో ఇల్లు చేరేసరికి పిల్లలకు పగలేదో రాత్రేదో తెలియదు. మొదటి వారం నిద్రకే సరి. ఆ తర్వాత అహోబిలం, మహానంది, యాగంటి, ఆపై తిరుపతి. మధ్యలో చుట్టాల భోజనాలు, బట్టలు, బ్యాంకు పనులు. ఇక అవ్వాతాతలతో ఊరికే కూర్చునే రోజు ఎక్కడ?

పిల్లలకు గుర్తుండేవి వేరు. మహానంది కోనేట్లో అడుగున నాణెం కనిపించే తేటనీళ్లు, 2002లో పర్యాటకులకు తెరిచిన బెలుం గుహల్లో నేల కింద నడక, అవ్వ జొన్నరొట్టె తట్టే చప్పుడు, ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన ఉలి దెబ్బలు. ఈ ఊరి శిల్పులు చెక్కిన విగ్రహాలు విదేశాల్లోని గుళ్లకూ వెళ్లాయి. అక్కడ తాము దండం పెట్టుకునే దేవుడు ఇలాంటి షెడ్డులో, ఇంతటి దుమ్ములో, సగం చెక్కిన రాయిగా ఉంటాడని చూసిన పిల్లాడు ఆ సంగతి మరిచిపోడు. దీనికి ఖర్చేమీ లేదు, ఒక పూట చాలు. చూడాల్సిన ఊళ్లలో రెండు తగ్గించి, పిల్లల్ని నాలుగు రోజులు అవ్వాతాతల దగ్గర వదిలేస్తే వాళ్లే తెలుగు పట్టుకుంటారు.

ముహూర్తం అడగనివి

వేడుకల్ని ముందుకో వెనక్కో జరుపుకోవచ్చు. జబ్బు, చావు చెప్పి రావు. 2020 మార్చి 23న అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. మామూలు రాకపోకలు తిరిగి మొదలైంది 2022 మార్చి 27న. ఆ రెండేళ్లలో ఎందరు బిడ్డలు తండ్రి చివరి చూపును ఫోన్‌లో చూశారో! మామూలు రోజుల్లోనూ కొడుకు వచ్చేదాకా ఫ్రీజర్ బాక్సులో ఉంచి ఎదురుచూస్తున్న ఇళ్లు మనకు తెలియనివి కావు.

కొన్ని జాగ్రత్తలు ముందే తీసుకోవచ్చు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఆ వెంటనే ఓసీఐకి దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడి పెద్దల పాస్‌పోర్టులకు గడువు ఉండేలా చూసుకోవాలి. వెళ్లేటప్పుడు ఆరోగ్య బీమా, వాడే మందులకు డాక్టరు చీటీ వెంట ఉండాలి. అన్నిటికన్నా ముందు, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ కూర్చుని ఎవరు ఎప్పుడు రాగలరో, అత్యవసరమైతే మొదట ఎవరు బయల్దేరాలో మాట్లాడుకోవాలి. అపశకునమనుకుని వాయిదా వేసే మాట ఇదే. ఇల్లు తల్లడిల్లే రోజున పనికొచ్చేదీ ఇదే.

ఇంకొకటి. షష్టిపూర్తికి వద్దామని మామూలు ఏడాదుల రాకను దాచిపెట్టుకోకండి. అరవై ఏళ్ల తండ్రికి పీటల మీద కూర్చునే ఒక్క రోజుకన్నా, ఏ వేడుకా లేని వారం రోజులు ఎక్కువ. పంచాంగంతో పనిలేని ఆ వారానికి టికెట్టు కూడా తక్కువే పడుతుంది.

అహోబిలంలో ఏటా కనుమ నాడు పారువేట మొదలవుతుంది. స్వామి పల్లకీ ఎక్కి దాదాపు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి రమ్మని గడపగడపకూ వచ్చి పిలుస్తాడని ఇక్కడివారి నమ్మకం. క్రిస్మస్ సెలవులకు వచ్చిన పిల్లలు అప్పటికి వెళ్లిపోయి ఉంటారు. పది రోజులు బడి పోతే పోయిందనుకుని, ఒక్క ఏడాదైనా కనుమ దాకా ఉండమనండి. ఇంటికొచ్చి పిలిచే దేవుణ్ని పిల్లలు ఒక్కసారైనా చూడాలి కదా!