ఆంగ్ల వాక్యంలో సర్వనామం: పునరుక్తి, స్పష్టత

నామాన్ని పదేపదే చెప్పడం ఏ భాషలోనైనా విసుగే. దాన్ని తప్పించే పద్ధతి మాత్రం భాషకొక తీరు. "రవి నిన్న వచ్చాడు. రేపు వెళ్తాడు" అంటే తెలుగులో లోటేమీ లేదు. కర్త ఎవరో క్రియ చివరి 'డు' ప్రత్యయమే చెబుతుంది. ఆంగ్లంలో 'విల్ గో' అన్న క్రియకు ఆ శక్తి లేదు. అందుకే 'హి విల్ గో' అని సర్వనామం కనబడి తీరాలి.

హోసూరులో తమిళం, బళ్లారిలో కన్నడం చదివే మన పిల్లలకు ఆ భాషలూ ఈ విషయంలో తెలుగు దారినే చూపుతాయి. అందువల్ల కొందరు ఆంగ్లంలో కర్తను వదిలేస్తారు. దిద్దించుకున్నవారు ప్రతి వాక్యంలోనూ 'రవి' అనే రాస్తారు. రెండు తప్పులకూ మూలం ఒకటే. దీన్ని అజాగ్రత్త అనుకోవడం పిల్లలకు అన్యాయం.

వస్తువుల విషయంలో మరో భేదం ఉంది. "పెన్ను పోయింది, కొత్తది కొన్నాను" అంటాం. విశేషణానికి 'ది' చేరితే నామం పని జరిగిపోతుంది. ఆంగ్లంలో 'న్యూ' ఒంటరిగా నిలవదు. 'ఎ న్యూ వన్' అనాలి. పోయిన పెన్నే దొరికితే 'ఐ ఫౌండ్ ఇట్' అనాలి. అదే జాతి వస్తువుకు 'వన్', అదే వస్తువుకు 'ఇట్' అని గుర్తుంచుకుంటే చాలు.

అయితే పునరుక్తిని తప్పించడమే పరమార్థం కాదు. "తాను పాసయ్యానని సీత లక్ష్మితో చెప్పింది" అన్న వాక్యంలో పాసయినది సీతే. 'తాను' అనే మాట సందేహానికి చోటివ్వదు. 'సీత టోల్డ్ లక్ష్మి దట్ షి హాడ్ పాస్డ్' అంటే 'షి' ఎవరు? ఇద్దరిలో ఎవరైనా కావచ్చు. ఆంగ్లంలో 'తాను'కు సరిసాటి పదం లేదు. అలాంటి చోట పేరు మళ్లీ రాయడమే మేలు. లేదా సీత మాటలను ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉన్నవున్నట్లు ఇవ్వాలి.

సర్వనామం రాసినప్పుడల్లా 'ఎవరు? ఏది?' అని ప్రశ్నించుకోమని మేము విద్యార్థులకు చెబుతాం. ఒకే జవాబు వస్తే సర్వనామం ఉంచవచ్చు. రెండు వస్తే నామమే రాయాలి. ఉపాధ్యాయులు తెలుగు వాక్యాన్నీ ఆంగ్ల వాక్యాన్నీ నల్లబల్ల మీద పక్కపక్కన రాసి చూపితే ఇంటి భాష అడ్డంకి కాదు, ఆంగ్లానికి మెట్టవుతుంది.