సంఘపత్రికను సంఘమే వ్రాయవలెను

నరసాపురము చుట్టుపట్ల గల కొన్ని గ్రామసంఘములవారు ఈ నడుమ మమ్ము ఒక ప్రశ్న అడుగుచున్నారు. "మీకు నెలనెలా ఒక పత్రిక యున్నది. మా సంఘమునకును అట్టిది యొకటి పెట్టదలచినాము. ఎట్లు మొదలుపెట్టవలెను? ఎంత ధనము కావలెను?" అని వారి ప్రశ్న. ధనమును గూర్చి తరువాత మనవి చేసెదము. మొదట కావలసినది ధనము కాదు, వ్రాయు చేతులు.

ఈ మాట మేము అనుభవించి చెప్పుచున్నాము. కొన్ని యేండ్ల క్రిందట మాలో కొందరము మరియొక రైతుసంఘమున పత్రిక నొకదానిని ప్రారంభించితిమి. మొదటి సంచికకు సభ జరిగినది, ఉపన్యాసములు జరిగినవి. రెండవ సంచికలోని వ్యాసములన్నియు కార్యదర్శియే వ్రాసెను. మూడవదానిలో సగము పుటలు ప్రకటనలతో నిండెను. నాలుగవ సంచిక వెలువడిన పిమ్మట కార్యదర్శి ఇంట జబ్బు పొడసూపినది. అయిదవ సంచిక రానేలేదు. మేమందరము చందా చెల్లించితిమి గాని ఒక్కరమును ఒక్క పంక్తి వ్రాసి యీయలేదు. "ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చె" నను సామెత మాకు అప్పుడు బాగుగా తెలిసివచ్చినది.

పత్రిక లేకపోయిన నేమి నష్టమని కొందరడుగుదురు. ఒక సంగతి చెప్పెదము. కాలువ శివారున గల ఒక గ్రామమున ఒక సంవత్సరము సార్వా ఆకుమళ్ళ కాలమునకు కాలువనీరు ఆలస్యమైనది. వానయు పడలేదు. ఒక రైతు తొందరపడి మురుగుకాలువ నీటిని తోడి ఆకుమడికి పెట్టెను. వేసవి చివర మురుగుకాలువలలో నీరు తక్కువగా నుండును. సముద్రపు పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు వానిలోనికి ఎగదన్నును. చూచుటకు ఆ నీరు మంచినీటివలెనే యుండును. వారము తిరుగకముందే నారు కొనలు మాడి, మడి యంతయు ఎఱ్ఱబారినది. విత్తనములు పోయినవి, అదనును పోయినది. ఆ రైతు సిగ్గుపడి యెవరితోను చెప్పలేదు. మరుసటి యేడు అక్కడికి రెండు మైళ్ళ దూరమున మరియొక రైతు అదే పని చేసి అట్లే నష్టపోయెను. మొదటివాని నష్టము విధివశమున వచ్చినదని యనుకొందము. రెండవవాని నష్టమునకు మన మౌనమే కారణము. అర పుట వ్రాసి యుండిన, నాడు ఒక కుటుంబము అప్పులపాలు కాక నిలిచి యుండెడిది.

ఈ సందర్భమున మన సహకారోద్యమపు మొదటి రోజులను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1904 సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము క్రింద ఏర్పడిన గ్రామసంఘములలో అపరిమిత బాధ్యత సామాన్య నియమముగా నుండెను. సంఘము తీర్చలేని అప్పునకు సభ్యులందరును పూచీదారులే. అందుచేత పొరుగువాని పంట యెట్లున్నదో విచారించుట ప్రతి సభ్యునికిని అవసరమయ్యెను. ఆ నియమము తరువాత చాలవరకు మారినది గాని దానిలోని నీతి మారలేదు. అప్పునకు ఉమ్మడిగా పూచీపడిన వారము అనుభవమునకు మాత్రము ఎవరికి వారమై యుండుట తగునా?

పండితుల పత్రికలున్నవి గదా, మనము వ్రాయుట యెందుకని మరికొందరందురు. మన జిల్లాలోని మారుటేరు పరిశోధనస్థానము 1925లో వెలసినది. అక్కడ రూపొంది 1982లో విడుదలయిన స్వర్ణ వరి మన డెల్టాలోనే గాక ఇతర రాష్ట్రములందును వ్యాపించినది. అట్టివారి సలహా శిరసావహింపదగినదే. కాని మన యూరి శివారున కాలువనీరు ఏ యేట ఏ తేదీన చేరినదో, ఏ బోదె క్రింద చవుడు పైకి వచ్చుచున్నదో, ఏ గట్టు ప్రక్కన రొయ్యలచెరువు త్రవ్విన పిమ్మట చేను దిగుబడి తగ్గినదో, ఆ లెక్కలు మన యొద్దనే యున్నవి. మనము వ్రాయకున్న వానిని వ్రాయువారు వేరొకరు లేరు. చేతిఫోనులలో వార్తలు నిత్యము వచ్చుచున్నవి, నిజమే. నాలుగు దినములైన పిమ్మట అవసరమైన మాటను వెదకినచో దొరకుట కష్టము. అచ్చుపుట పెట్టెలో పది సంవత్సరములు నిలుచును.

పూర్వులు నడపిన పత్రికల చరిత్ర మనకు కొంత బోధించును. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో వివేకవర్ధనిని స్థాపించిరి. మొదట దానిని చెన్నపట్టణమున అచ్చువేయించి తెప్పించుకొనవలసి వచ్చెను. ఆ యిబ్బంది పడలేకయే తరువాత స్వంత ముద్రణాలయము ఏర్పరచుకొనిరి. నేడు మనకు ఆ చిక్కు లేదు. బందరున 1902లో కొండా వెంకటప్పయ్యగారు, దాసు నారాయణరావుగారు కృష్ణాపత్రికను ప్రారంభించిరి. రెండేండ్లకు, అనగా 1904లో, నరసాపురము తాలూకా కృష్ణాజిల్లాలో చేరినది. 1925లో పశ్చిమగోదావరి ఏర్పడువరకు అందే యుండెను. కావున ఆ కాలమున మన పెద్దలకు అది స్వంత జిల్లా పత్రికయే. ముట్నూరి కృష్ణారావుగారు 1907 మొదలు 1945లో దివంగతులగువరకు దానికి సంపాదకులుగా నుండిరి. అట్టి మహనీయుడొకడు తన జీవితమునంతయు ధారపోయుట పత్రిక భాగ్యము. ప్రతి గ్రామసంఘమునకును అట్టి భాగ్యము పట్టునని ఆశింపరాదు.

ఒక్కని భుజముపై నిలిచిన పత్రిక యేమగునో తెలియుటకు లండను నగరపు రాయలు సొసైటీ కథ చాలును. ఆ పండితసంఘపు కార్యదర్శి హెన్రీ ఓల్డెన్‌బర్గు 1665లో తన స్వంత పూచీమీద ఒక పత్రికను తీసెను. అతడు 1677లో మరణించిన కొలదికాలమునకు ఆ పత్రిక కొన్నియేండ్లు నిలిచిపోయెను. తరువాత తిరిగి ప్రారంభమయ్యెను గాని చాలకాలము కార్యదర్శుల చేతిలోనే యుండెను. 1752లో సంఘమే దానిని తన బాధ్యతగా స్వీకరించి, వచ్చిన వ్యాసములను పరిశీలించుటకు ఒక ఉపసంఘము నేర్పరచెను. ఆ పత్రిక నేటికిని వెలువడుచున్నది.

వ్యవసాయదారుల పత్రికకు ఇంకను దగ్గర యుదాహరణము కలదు. ఇంగ్లాండులో ఆర్థరు యంగు 1784లో వ్యవసాయమునకై యొక పత్రిక మొదలుపెట్టి, పలువురు సేద్యగాండ్రచేత వ్రాయించెను. అప్పటి రాజు మూడవ జార్జి సయితము రాల్ఫు రాబిన్సను అను సామాన్యుని పేరు పెట్టుకొని దానికి లేఖలు వ్రాసెను. సేద్యమును గూర్చి వ్రాయుటకు రాజు నామోషీ పడలేదు. మనకేల సంకోచము?

ఇక కర్తవ్యము. మాకు తోచిన పద్ధతులను మనవి చేయుచున్నాము.

మొదటి సంచికకు ముందే పండ్రెండుగురు సభ్యులను వ్రాయుటకు ఒప్పించవలెను. ఎవరిది ఏ నెలయో చీటీపై వ్రాసి సంఘపు గోడకు అంటించవలెను. కాలువనీటి వంతు తప్పినవానిని అడిగినట్లే వ్రాతవంతు తప్పినవానిని కూడ అడుగవలెను. మూడు సంచికలకు సరిపడు వ్యాసములు చేతికి వచ్చువరకు మొదటిది అచ్చునకు ఈయరాదు. ఈ యొక్క నియమము పాటించి యుండిన మా మొదటి పత్రిక బ్రదికి యుండెడిదని మా నమ్మకము.

వ్యాసములను చూచుటకు ముగ్గురుండవలెను. వారిలో ఒకడైనను పాలకవర్గమునకు చెందనివాడుగా నుండుట మేలు. భాషను దిద్దవచ్చును గాని అభిప్రాయమును మార్చరాదు. ఒకని వ్రాతకు మరియొకడు ఎదురు వ్రాసినచో దానిని వచ్చు సంచికలోనే ప్రకటింపవలెను. వ్యక్తిదూషణకు మాత్రము తావీయరాదు.

వ్రాయువారు ఉపన్యాసములు వ్రాయనక్కరలేదు. ఎన్ని యెకరములు, ఏ విత్తనము, ఏ తేదీన ఊడ్పు, ఎంత యెరువు, ఎంత కూలి, ఎన్ని బస్తాలు, ఏ ధర, ఎక్కడ పొరపడితిమి అను నీ వివరములు చాలును. లాభము వ్రాసినవానికంటె నష్టము వ్రాసినవానికి ముందు పుట ఈయవలెను. అతడు కోరినచో పేరు దాచవలెను. వ్రాయనేరనివారు చెప్పగా బడిపిల్లలు వ్రాసికొనవచ్చును. పాడిని చూచుకొను స్త్రీలకు పశువుల సంగతి పురుషులకంటె బాగుగా తెలియును. మన నరసాపురపు లేసుపని స్త్రీల చేతిలోనిదే. వారి మాటయు పత్రికలో వినబడవలెను.

ధనము విషయమున, సర్వసభ్యసమావేశమున తీర్మానము లేక ఒక్క రూపాయియు ఖర్చు పెట్టరాదు. ఆ లెక్క ప్రతి సంవత్సరము సభ్యుల యెదుట చదువవలెను. విత్తనములు, పురుగుమందులు అమ్మువారి ప్రకటనలను తీసికొనినచో అవి ప్రకటనలని స్పష్టముగా వేయవలెను. ప్రకటన యిచ్చినవాని సరకు చెడినదని సభ్యుడు వ్రాసినప్పుడు, ఋజువులు చూచి, అదియు వేయగల ధైర్యముండవలెను. అది లేనినాడు పత్రిక అంగడివాని కరపత్రమగును.

చట్టమును మరువరాదు. పత్రికల రిజిస్ట్రేషనుకు 1867 నాటి చట్టము చిరకాలము అమలులో నుండెను. దాని స్థానమున 2023లో క్రొత్త చట్టము వచ్చి 2024 మార్చి 1వ తేదీనుండి అమలయినది. ప్రజావార్తలను, వానిపై వ్యాఖ్యలను క్రమముగా అచ్చువేసి ప్రకటించుటకు రిజిస్ట్రేషను అవసరము. తమ పత్రిక దీనిక్రిందికి వచ్చునో రాదో మొదటి సంచికకు ముందే న్యాయము తెలిసినవారిని అడిగి నిశ్చయించుకొనవలెను.

ప్రతి సంచికలో రెండు ప్రతులను భద్రపరచి సంవత్సరాంతమున బైండు చేయింపవలెను. ఒకటి సంఘమున, ఒకటి గ్రంథాలయమున నుండవలెను. ఇరువదియేండ్ల పిమ్మట కాలువనీరు ఆలస్యమైన యేట ఒక కుఱ్ఱవాడు దానిని విప్పి చూచి, మురుగునీరు తోడక ఆగినచో, మన శ్రమకు ఫలము దక్కినట్లే.

మమ్మడిగిన సంఘములవారికి మా తుదిమాట యిది. సభ జరుపుటకు ముందు పండ్రెండు పేర్ల చీటీ వ్రాసి చూడుడు. పండ్రెండు పేర్లు దొరకినచో పత్రిక పెట్టుడు. దొరకనిచో తొందర వలదు. అంతవరకు ఈ పత్రికలోని పుటలు మీవే. ఈ యేటి పంటలో మీకు కలిగిన ఒక్క నష్టమును ఒక్క కార్డుముక్కపై వ్రాసి పంపుడు. మేమును మాది వ్రాసెదము.