కారులో స్పీకర్లు పదేపదే ఎందుకు కాలిపోతాయి?

కంపెనీ ఇచ్చిన సౌండ్ చాలదని కొత్త స్పీకర్లు, యాంప్లిఫయర్, డిక్కీలో సబ్‌వూఫర్ పెట్టించుకుంటారు. కొన్ని వారాలకే ఒక డోర్ స్పీకర్ మూగబోతుంది. కార్ డెకార్స్ షాపులో మార్చి ఇస్తారు. మళ్ళీ అదే పోతుంది. ఇక ఆ బ్రాండే పనికిరాదని తేల్చేసి, ఇంకా ఖరీదైనది కొంటారు. మొదటిసారి పోయినప్పుడు తయారీ లోపాన్ని అనుమానించవచ్చు. రెండోసారి కూడా అదే చోట పోయిందంటే లోపం చాలామటుకు దానికి కరెంటు పంపే దారిలోనో, దాన్ని బిగించిన చోటులోనో ఉంటుంది. అదేమిటో తేల్చకుండా కొంటే మూడోదీ మిగలదు.

స్పీకర్ ఎందుకు పోయిందో చాలావరకు దాన్ని చూస్తేనే తెలుస్తుంది. తుప్పు కనిపిస్తే డోర్ ప్యానెల్ వెనక నీటిని ఆపే ప్లాస్టిక్ షీటును బిగించేటప్పుడు చింపేశారేమో చూడాలి. కోన్ చిరిగితే ఆ సైజు స్పీకర్ మోయలేనంత బేస్ దానికి వెళ్తోందని, తక్కువ ఫ్రీక్వెన్సీలను ఆపే హైపాస్ ఫిల్టర్ పెట్టలేదని అనుమానించాలి. కాలిన వాసన వచ్చినా, కోన్‌ను మెల్లగా నొక్కితే గరగరమన్నా లోపలి వాయిస్ కాయిల్ వేడికి దెబ్బతిన్నట్టే. ఎక్కువగా జరిగేది ఇదే. స్పీకర్‌కు ఇచ్చే పవర్‌లో ధ్వనిగా మారేది చాలా కొద్ది భాగం, మిగతాదంతా కాయిల్‌లో వేడే.

ఆ వేడి ఎక్కడిదో తెలియాలంటే స్టీరియో డబ్బా మీద రాసే ‘50 వాట్లు × 4’ అన్న అంకెను చూడాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారులో ఉండేది సుమారు 14.4 వోల్టులు. మామూలు స్టీరియో ఆ వోల్టేజీతో 4 ఓమ్‌ల స్పీకర్‌కు శుభ్రమైన తరంగాన్ని పంపితే, లెక్క ప్రకారం కూడా 26 వాట్లు దాటదు. 50 రావాలంటే తరంగం పైనా కిందా తెగి చదునైపోవాలి. ఇదే క్లిప్పింగ్. వాల్యూమ్ పెంచినప్పుడు గాయకుడి గొంతు పగిలినట్టు వినిపించడానికి సాధారణ కారణం ఇదే. అప్పుడు కాయిల్‌కు చేరే వేడి దాదాపు రెట్టింపవుతుంది. బేస్ బూస్ట్ 6 డెసిబెల్స్ పెంచితే ఆ బేస్‌కు కావలసిన పవర్ నాలుగింతలు. యాంప్లిఫయర్ మీది గెయిన్ నాబ్‌ను చాలామంది వాల్యూమ్ అనుకుని చివరిదాకా తిప్పేస్తారు. అది స్టీరియో నుంచి వచ్చే సిగ్నల్‌కు యాంప్లిఫయర్‌ను సరిపెట్టడానికి ఉన్నది.

యాంప్లిఫయర్ చిన్నదవడం వల్లే క్లిప్ అవుతోంది, పెద్దది పెట్టండని షాపుల్లో సలహా ఇస్తుంటారు. ఇందులో సగమే నిజం. 25 వాట్ల యాంప్లిఫయర్ పూర్తిగా క్లిప్ అయినా సుమారు 50 వాట్లే ఇస్తుంది. 60 వాట్ల ఆర్ఎంఎస్ రేటింగ్ (ఎడతెగకుండా తట్టుకునే పవర్) నిజంగా ఉన్న వూఫర్ దాన్ని తట్టుకుంటుంది. ట్వీటర్ మాత్రం కాలవచ్చు. గెయిన్ సరిచేయకుండా పెద్దది పెడితే వూఫర్‌కూ ముప్పే. నకిలీ స్పీకర్లే కారణమని కూడా అంటారు. మార్కెట్లో అవి ఉన్న మాట వాస్తవమే. ఆ అనుమానం తీరాలంటే ఎడమ, కుడి ఛానెళ్ళ వైర్లను యాంప్లిఫయర్ దగ్గర తారుమారు చేసి చూడాలి. లోపం ఛానెల్‌తోపాటు అవతలి డోర్‌కు మారితే యాంప్లిఫయర్‌నో, దానికి వచ్చే సిగ్నల్‌నో పట్టుకోవాలి. అదే డోర్‌లో ఉండిపోతే ఆ డోర్ వైరింగ్, ఫిల్టర్, స్పీకర్ చూడాలి.

అయితే వైర్లు మార్చేముందే ఒక కొలత తప్పనిసరి. స్పీకర్ వైర్లు విప్పి, యాంప్లిఫయర్ ఆన్ చేసి, పాట లేకుండా దాని రెండు స్పీకర్ టెర్మినళ్ళ మధ్య డీసీ వోల్టేజీ చూడాలి. కొద్ది మిల్లీవోల్టులుంటే పర్వాలేదు. వోల్టుల్లో ఉంటే లోపలి ట్రాన్సిస్టర్లు పాడైనట్టు. అలాంటి ఛానెల్‌కు తగిలించిన స్పీకర్ పాట లేకుండానే కాలిపోవచ్చు. కారు బాడీకి, టెర్మినల్‌కు మధ్య కొలిచి కంగారుపడొద్దు. చాలా స్టీరియోల్లో అక్కడ బ్యాటరీ వోల్టేజీలో సగం దాకా ఉండటం సహజం.

గెయిన్‌కూ లెక్క ఉంది. స్పీకర్ ఆర్ఎంఎస్ వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీయాలి. 50 వాట్లు, 4 ఓమ్‌లకు అది సుమారు 14 వోల్టులు. బేస్ బూస్ట్ తీసేసి, స్టీరియోను శబ్దం పగలని వాల్యూమ్‌లో ఉంచి, టెస్ట్ టోన్‌తో అవే టెర్మినళ్ళ మధ్య ఏసీ వోల్టేజీ ఆ అంకెకు రాగానే నాబ్ ఆపాలి. మూడో స్పీకర్‌కు డబ్బు కట్టేముందు ఈ రెండు కొలతలూ మీ ఎదుటే తీయమని షాపులో అడగండి.